రూమీ నచ్చాడు, మరి ఆయన నమాజు?

ప్రశ్న: నాకు నలభై దాటాయి. రెండేళ్ల క్రితం మా అమ్మ పోయింది. ఆ రోజుల్లో ఎవరో ఫోన్‌కి పంపిన రూమీ వాక్యం ఒకటి నన్ను పట్టుకుంది: "తప్పొప్పులన్నిటికీ అవతల ఒక మైదానం ఉంది, అక్కడ నిన్ను కలుస్తాను" అని. అప్పట్నుంచీ ఇంగ్లీషులో దొరికిన సూఫీ కవిత్వమంతా చదువుతున్నాను. ఎక్కడా దొరకని నెమ్మది నాకు అందులో దొరికింది. మా ఆఫీసులో ఒక ముస్లిం అమ్మాయి ఉంది. నాకంటే పదేళ్లు చిన్నది, నన్ను అక్కా అంటుంది. ఒకరోజు భోజనాల దగ్గర ఆ వాక్యం చూపించి, "చూశావా, మతాలన్నీ ఒకటేనని మీ రూమీ ఎప్పుడో చెప్పాడు. ఈ నమాజులూ పూజలూ అన్నీ పైపై సంగతులే" అన్నాను. ఆ అమ్మాయి కాసేపు ఊరుకుని, "రూమీ ఐదు పూటలా నమాజు చేసేవాడక్కా. మీకు రూమీ కావాలి, మేం మాత్రం అక్కర్లేదా?" అంది. మనసు చివుక్కుమంది. అప్పట్నుంచీ ఇద్దరం ముభావంగా ఉంటున్నాం. నిజానికి అమ్మ పోయిన రోజు మా ఇంటికి అందరికంటే ముందు వచ్చింది తనే. గుమ్మంలో నిలబడి అరబీలో ఏదో ఒక ముక్క నెమ్మదిగా అనుకుంది. ఇంట్లో మావారేమో "మన దగ్గర లేనిది అక్కడేముందని?" అంటారు. ముస్లిం కాకుండా నేను ఇవి చదవచ్చా? సూఫీ మార్గం ఇస్లాంలోదా, వేరా? ఆ అమ్మాయితో మళ్ళీ ఎలా మాట్లాడాలి?

సమాధానం: ఆ అమ్మాయి మాట మీకు గుచ్చుకుంది, కాదనను. కానీ ఆమె మిమ్మల్ని దూరం పెట్టలేదని నా నమ్మకం. పరాయివాళ్ళతో మనం అలాంటి మాటలు అనం, నవ్వి ఊరుకుంటాం. అక్కా అని పిలిచే మనిషి దగ్గరే మనసులో ఉన్నది బయటికొస్తుంది. కాబట్టి టెన్షన్ పడకండి, ఇది చెడిన బంధం కాదు. మాట్లాడుకోవాల్సింది ఒకటి మిగిలిపోయింది, అంతే.

ముందు ఆ వాక్యం సంగతి చూద్దాం. మీరు ఇంగ్లీషులో చదివిన మాటకు మూలం పారశీకంలో రూమీ పేరున ఉన్న ఒక రుబాయీ, అంటే నాలుగు పాదాల పద్యం. అందులో తప్పు, ఒప్పు అనే మాటలు లేవు. ఉన్నవి కుఫ్ర్, ఇస్లాం. కుఫ్ర్ అంటే అవిశ్వాసం, సత్యాన్ని కప్పెయ్యడం. పద్యం భావం దాదాపు ఇలా ఉంటుంది: కుఫ్ర్‌కీ ఇస్లాంకీ అవతల ఒక మైదానం ఉంది, దాని నడుమ మాకొక తపన ఉంది, ఎరుక గలవాడు అక్కడికి చేరాక తల వాలుస్తాడు, అక్కడ కుఫ్రూ లేదు, ఇస్లామూ లేదు, చోటనేదే లేదు. "అక్కడ నిన్ను కలుస్తాను" అన్నది మూలంలో లేనే లేదు. మిమ్మల్ని అంతగా కదిలించిన ఆ చివరి ముక్క తర్జుమా చేసినవాళ్ళు కలిపింది. దాని కింద దాగిపోయింది "తల వాలుస్తాడు" అన్న మాట. రోజుకు ఐదు పూటలా నేలకు నుదురు ఆన్చే మనిషికి ఆ మాట వినగానే ఏం గుర్తొస్తుందో మీరే ఊహించండి.

మూలం చూస్తే నా మాటే నిజమైంది కదా, ఇస్లాం కూడా లేదనే అన్నాడు కదా అని మీకు అనిపించవచ్చు. ఇక్కడ కొంచెం ఆగాలి. బృహదారణ్యకోపనిషత్తు నాలుగో అధ్యాయంలో యాజ్ఞవల్క్యుడు గాఢనిద్రలాంటి స్థితి గురించి జనకుడికి చెబుతాడు. అక్కడ తండ్రి తండ్రి కాడు, తల్లి తల్లి కాదు, దేవతలు దేవతలు కారు, వేదాలు వేదాలు కావు అంటాడు. ఆ ఒక్క వాక్యం పట్టుకుని ఎవరైనా వచ్చి, "మీ ఉపనిషత్తే వేదం అక్కర్లేదంది, ఇక మీ మంత్రాలెందుకు?" అంటే మీకెలా ఉంటుంది? ఆ మాట అన్నది వేదమే. ఆ స్థితికి దారి చూపించేదీ వేదమే. ఆ దారిలో ఒక్క అడుగు కూడా వెయ్యని మనిషి వచ్చి చివరి మాట ఒక్కటీ తెంపుకుపోతే మనకు కష్టంగా ఉంటుంది. మీ సహోద్యోగికి కలిగింది సరిగ్గా ఆ కష్టమే.

జలాలుద్దీన్ రూమీ 1207లో పుట్టాడు, 1273లో కొన్యాలో, అంటే ఇప్పటి తుర్కియేలో, కన్నుమూశాడు. ఆయన హనఫీ అనే ఇస్లామీ ధర్మశాస్త్ర సంప్రదాయంలో చదువుకున్న పండితుడు, మదర్సాలో పాఠాలు చెప్పిన గురువు. ఆయన పెద్ద కావ్యం పేరు మస్నవీ, ఆరు సంపుటాలు, అందులో దాదాపు పాతికవేల ద్విపదలున్నాయి. వాటిలో ఖురాన్ వాక్యాలూ హదీసులూ, అంటే ప్రవక్త మాటలూ చేతలూ చెప్పే కథనాలూ, పాలల్లో నీళ్ళలా కలిసిపోయి ఉంటాయి. ఆయన పేరున ఉన్న ఇంకో రుబాయీ ఫోన్లలో పెద్దగా తిరగదు. "ప్రాణం ఉన్నంతకాలం నేను ఖురాన్‌కు దాసుణ్ణి, ముహమ్మద్ నడిచిన దారిలో దుమ్ముని" అని మొదలవుతుంది. నా మాటల్లోంచి ఇది తప్ప వేరేదేదో ఎవరైనా చెబితే వాళ్ళ మీదా, ఆ మాట మీదా నాకు విసుగే అని కూడా అంటాడు. మీ ఫోన్‌కి మొదటిసారి వచ్చింది ఈ పద్యమే అయితే మీరు ఆయన్ని చదివేవారా? ఈ ప్రశ్నకు జవాబు నాకు చెప్పక్కర్లేదు, మీకు మీరు చెప్పుకుంటే చాలు.

నేనూ ఇదే తప్పు చేశాను. చాలా ఏళ్ల క్రితం ఒక సభలో "రా, రా, నువ్వెవరైనా సరే రా" అన్న పద్యం రూమీదని చదివి, చూశారా ఎంత విశాల హృదయమో, ఏ నియమమూ లేదు అని చెప్పాను. సభ అయ్యాక ఒక వృద్ధుడైన మౌల్వీ సాబ్ నా పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, "బాబూ, అది మౌలానా రూమీది కాదు, ఆయనకంటే రెండు వందల ఏళ్ల ముందువాడైన అబూ సయీద్ అబుల్ ఖైర్ పేరున చెబుతారు" అన్నారు. ఆ తర్వాత పద్యం మొత్తం పారశీకంలో చదివారు. అందులో ఉన్న మాట "బాజ్ ఆ". ఉత్తినే "రా" కాదు, "తిరిగి రా". నువ్వు అవిశ్వాసివైనా, అగ్నిని కొలిచేవాడివైనా, విగ్రహాన్ని కొలిచేవాడివైనా తిరిగి రా, ఇది నిరాశల గుమ్మం కాదు, వందసార్లు తౌబా తప్పినా సరే తిరిగి రా. తౌబా అంటే పశ్చాత్తాపం, ఆ మాటకు అసలర్థం వెనక్కి మళ్ళడం. నేను నియమం లేని పిలుపు అనుకున్నది, నియమం తప్పి కుంగిపోయినవాడికి ఇచ్చిన ధైర్యం. ఆయన కోపగించుకోలేదు. ఆ రోజు నేర్చుకున్న పాఠంతోనే మీకు ఈ జవాబు రాస్తున్నాను.

సూఫీ మార్గం ఇస్లాంలోదా, వేరా అన్నారు. ముస్లింలంతా ఎరిగిన ఒక హదీసు ఉంది, సహీహ్ ముస్లిం అనే హదీసు సంకలనంలో నమోదైంది. ప్రవక్త తన సహచరులతో కూర్చుని ఉండగా ఒక అపరిచితుడు వస్తాడు. తెల్లటి బట్టలు, నల్లటి జుట్టు. ఒంటి మీద ప్రయాణపు ఆనవాలేదీ లేదు, అయినా అక్కడ అతన్ని ఎరిగినవాళ్ళు ఒక్కరూ లేరు. నేరుగా వచ్చి ప్రవక్త మోకాళ్లకు తన మోకాళ్లు ఆన్చి కూర్చుంటాడు. ఇస్లాం అంటే ఏమిటి అని అడుగుతాడు. దేవుడొక్కడే, ముహమ్మద్ ఆయన ప్రవక్త అని సాక్ష్యం పలకడం, నమాజు, జకాత్ అనే విధి దానం, ఉపవాసం, హజ్ యాత్ర అని జవాబు. ఈమాన్ అంటే? దేవుణ్ణీ, దూతల్నీ, గ్రంథాల్నీ, ప్రవక్తల్నీ, అంతిమ దినాన్నీ, విధినీ నమ్మడం. మరి ఇహ్సాన్ అంటే? "దేవుణ్ణి కళ్ళారా చూస్తున్నట్టు ఆరాధించడం. నువ్వు ఆయన్ని చూడలేకపోయినా ఆయన నిన్ను చూస్తూనే ఉన్నాడు." అతను వెళ్ళిపోయాక ప్రవక్త చెబుతాడు, వచ్చినవాడు దేవదూత జిబ్రయీల్, మీకు మీ ధర్మం నేర్పడానికి వచ్చాడు అని. సూఫీలు తమ పని ఏమిటని అడిగితే ఈ మూడో జవాబు చూపిస్తారు. మొదటి రెండూ వదిలేసి మూడోదానికి వెళ్ళామని వాళ్ళలో పెద్దలెవరూ అనలేదు.

వాళ్ళ మాటలకు వేళ్ళు కూడా ఖురాన్‌లోనే ఉన్నాయి. "మేము మనిషికి అతని కంఠ రక్తనాళం కంటే దగ్గరగా ఉన్నాం" అన్నది యాభయ్యో సూరాలోది, అంటే అధ్యాయంలోది. "మీరు ఎటు తిరిగినా దేవుడి ముఖం అటే ఉంది" అన్నది రెండో సూరాలోది. "ఆయన వాళ్ళని ప్రేమిస్తాడు, వాళ్ళు ఆయన్ని ప్రేమిస్తారు" అన్నది ఐదో సూరాలోది. సూఫీ ప్రేమ కవిత్వమంతా ఈ చివరి వాక్యానికి వ్యాఖ్యానం అంటే పెద్ద తప్పేమీ కాదు. ఖాదిరీ, చిష్తీ, నక్ష్‌బందీ, మౌలవీ, ఏ గురు పరంపర తీసుకున్నా గురువు గురువు పేరు చెప్పుకుంటూ పోయి ప్రవక్త దగ్గరే ఆగుతారు.

అలాగని ముస్లింలందరూ సూఫీల్ని ఒకేలా చూస్తారని కాదు. దర్గాల దగ్గర జరిగేవి తప్పనేవాళ్ళు ఉన్నారు, సంగీతం వద్దనేవాళ్ళు ఉన్నారు, సూఫీలలోనే ఈ వాదన ఉంది. మీ సహోద్యోగికి దర్గాలకు వెళ్ళే అలవాటు లేకపోవచ్చు కూడా. మంచి ముస్లిం అంటే సూఫీయే, మిగతావాళ్ళు ఛాందసులు అన్న లెక్క మనసులో ఎక్కడైనా ఉంటే దాన్ని తీసెయ్యమని మిమ్మల్ని గట్టిగా అడుగుతున్నాను. 922లో బాగ్దాద్‌లో హల్లాజ్ అనే సూఫీని చంపారన్న కథ అందరూ చెబుతారు. అదే బాగ్దాద్‌లో జునైద్ అనే సూఫీ గురువు పండితులు కూడా మెచ్చేలా బతికి 910లో కన్నుమూసిన సంగతి ఎవరూ చెప్పరు. గజాలీ అనే మహాపండితుడి కథ ఇంకా పెద్దది. బాగ్దాద్ నిజామియా మదర్సాలో ఆయనకు మించిన ఆచార్యుడు లేని రోజుల్లో పాఠం చెప్పబోతే నోరు పెగల్లేదు, ముద్ద దిగలేదు అని ఆయనే రాసుకున్నాడు. 1095లో ఉద్యోగం వదిలి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆయన రాసిన పెద్ద గ్రంథంలో వుజూ, అంటే నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ ముఖమూ కడుక్కోవడం, ఎలా చేసుకోవాలో ఉంటుంది, దేవుడి మీద ప్రేమ ఎలా పుడుతుందో కూడా ఉంటుంది. రెండూ ఒకే పుస్తకంలో.

ఇక మీ మొదటి ప్రశ్న, ముస్లిం కాకుండా చదవచ్చా అని. చదవచ్చు, తప్పకుండా చదవండి. ఈ కవిత్వం మీరనుకున్నంత పరాయిది కాదని చూపిస్తాను.

మస్నవీ "బిష్‌నౌ" అన్న మాటతో మొదలవుతుంది. అంటే "విను". పాతికవేల ద్విపదల్లో మొట్టమొదటి మాట విను అన్నది! వినమన్నది ఒక పిల్లనగ్రోవిని. రెల్లు పొదలోంచి కోసి తెచ్చినప్పటి నుంచీ అది ఏడుస్తూనే ఉంది, విడిపోయిన బాధ చెప్పుకుంటోంది. నా బాధ చెప్పుకోవాలంటే ఎడబాటుతో ముక్కలైన గుండె ఒకటి కావాలి అంటుంది. ఆ తర్వాత వచ్చే నాలుగో ద్విపద ఇది: "హర్ కసీ కూ దూర్ మాంద్ అజ్ అస్లె ఖీశ్, బాజ్ జూయద్ రోజ్‌గారె వస్లె ఖీశ్." తన మూలానికి దూరమైన ప్రతివాడూ మళ్ళీ దానితో కలిసే కాలం కోసం వెతుక్కుంటాడు.

ఇందులో మీకు తెలిసిన మాటలు ఎన్నున్నాయో చూడండి. అస్ల్ అంటే వేరు, మూలం. మన "అసలు" అదే. అప్పు తీసుకుంటే అసలు, వడ్డీ అంటామే, ఆ అసలే. వస్ల్ అంటే కలయిక, చేరుకోవడం. మన "వసూలు" ఆ అరబీ ధాతువు నుంచి వచ్చిందే, చేరాల్సింది చేరడం. రోజ్‌గార్‌లో ఉన్నది మన "రోజు". సూఫీలు ఫనా, బకా అంటారు. ఫనా అంటే నేను అన్నది కరిగిపోవడం, బకా అంటే ఆ తర్వాత దేవుడితో మిగిలి ఉండటం. ఆ బకాకు తోబుట్టువే మన "బాకీ", మిగిలింది అని అర్థం. అసలు, బాకీ, వసూలు! మనం లెక్కల పుస్తకంలో రాసుకునే మాటలతో ఆయన ఆత్మ ప్రయాణం చెప్పాడు. హల్లాజ్ "అనల్ హక్", అంటే "నేనే సత్యం" అన్నాడే, ఆ హక్ మన "హక్కు". అరబీలో అది సత్యం కూడా, దేవుడి పేర్లలో ఒకటి కూడా. దేవుడి సన్నిధిలో ఉండటాన్ని వాళ్ళు హుజూర్ అంటారు, మన "హాజరు" ఆ ఇంటిదే. ఆయన ఇచ్చినదానికి మనసారా ఒప్పుకోవడాన్ని రిజా అంటారు, మన "రాజీ" అక్కడిదే. మనకు రాజీ అంటే ఓడిపోయి సర్దుకోవడం. వాళ్ళకు రిజా అంటే కడుపు నిండిన తృప్తి. ఒకే మాట రెండు ఇళ్ళల్లో రెండు రకాలుగా పెరిగింది. సంభాషణ అంటే నాకు అన్నిటికంటే ముందు గుర్తొచ్చేది ఇదే: మాట ఒకటే అని మురిసిపోయి అక్కడే ఆగకుండా, మీ ఇంట్లో దానికి అర్థమేమిటి అని అడగడం.

మద్యం, మధుశాల, ప్రియురాలి కురులు అంటూ వచ్చే పద్యాలు చూసి కంగారు పడకండి. అన్నమయ్య శృంగార కీర్తనలు విన్న చెవికి ఇది కొత్త కాదు. 1240లో డమాస్కస్‌లో చనిపోయిన సూఫీ గురువు ఇబ్న్ అరబీ ప్రేమ పద్యాలు రాస్తే, ఇది ఆడమనిషి మీద మోహమే అని నింద వేశారు. అప్పుడాయన తన పద్యాలకు తనే వ్యాఖ్య రాసి ఒక్కో మాటకు లోపలి అర్థం చెప్పాల్సి వచ్చింది.

మీవారి ప్రశ్నకు వస్తాను. "మన దగ్గర లేనిది అక్కడేముంది?" అన్నారు. ఈ ప్రశ్న అడగడానికి అందరికంటే ఎక్కువ వీలున్న మనిషి దారా షికో. షాజహాన్ పెద్ద కొడుకు, ఖాదిరీ పరంపరలో శిష్యుడు, ఖురాన్ క్షుణ్ణంగా చదివినవాడు. నా దగ్గర అన్నీ ఉన్నాయి అనుకోకుండా బాబా లాల్ అనే హిందూ యోగి ఎదుట కూర్చుని ప్రశ్న మీద ప్రశ్న వేశాడు. ఆ ప్రశ్నోత్తరాలు 1653లో లాహోర్‌లో జరిగాయి, పారశీకంలో ఉన్నాయి. ఆ తర్వాత కాశీ పండితుల్ని పిలిపించి దాదాపు యాభై ఉపనిషత్తుల్ని పారశీకంలోకి తెచ్చాడు. అది 1657లో పూర్తయింది. ఖురాన్‌లో చెప్పిన "దాచి ఉంచిన గ్రంథం" ఇవేనని ఆయన నమ్మాడు. రెండేళ్ళకే సింహాసనం పోరులో ఓడిపోయి తమ్ముడి చేతిలో ప్రాణం పోగొట్టుకున్నాడు, మతం తప్పాడన్నది పైకి చెప్పిన నేరం. ఆ పారశీక పుస్తకాన్నే ఒక ఫ్రెంచి పండితుడు లాటిన్‌లోకి మార్చి 1801, 1802లలో అచ్చు వేశాడు. జర్మనీలో తత్వవేత్త షోపెన్‌హావర్ ఉపనిషత్తులు చదివింది అందులోనే. అంటే మన ఉపనిషత్తులు మొదట ఐరోపాకు చేరింది ఒక సూఫీ శిష్యుడి చేతుల మీదుగా. ఇది మీవారికి చెప్పండి. వాదనగా వద్దు, కథగా చెప్పండి. ఇల్లు వదిలి వెళ్ళిపోవడం వేరు, పక్కింటికి వెళ్ళి రావడం వేరని ఆయనకూ తెలుస్తుంది.

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన సంగతి. మస్నవీ రెండో సంపుటంలో మూసా (బైబిల్లో మోషే), గొర్రెల కాపరి కథ ఉంది, మీరు చదివే ఉంటారు. కాపరి దేవుడితో మాట్లాడుతుంటాడు: "ఎక్కడున్నావయ్యా? కనిపిస్తే నీకు చాకిరీ చేస్తాను, చెప్పులు కుడతాను, తల దువ్వుతాను, బట్టలుతుకుతాను, పేలు ఏరి చంపుతాను, పాలు తెచ్చిస్తాను." ఆ దారిన పోతున్న మూసా ప్రవక్త అది విని మండిపడతాడు. దేవుడికి పాలేమిటి, చెప్పులేమిటి, నోట్లో దూది కుక్కుకో అంటాడు. కాపరి బట్టలు చించుకుని, నిట్టూర్చి ఎడారిలోకి వెళ్ళిపోతాడు. అప్పుడు మూసాకు దేవుడి మాట వినిపిస్తుంది: "నా దాసుణ్ణి నా నుంచి విడదీశావు. నువ్వు కలపడానికి వచ్చావా, విడగొట్టడానికి వచ్చావా?" వస్ల్ (కలయిక) కోసమా, ఫస్ల్ (ఎడబాటు) కోసమా అని అక్కడ మాటలు. ఒక్కొక్కరికి ఒక్కో తీరూ, ఒక్కో పలుకుబడీ నేనే ఇచ్చాను, హింద్ వాళ్ళకు హింద్ పలుకుబడే స్తుతి, సింధ్ వాళ్ళకు సింధ్ పలుకుబడే స్తుతి అంటాడు.

ఈ కథ చదివిన ప్రతివాళ్ళం మనల్ని కాపరి పక్కనే నిలబెట్టుకుంటాం. మీరు నొచ్చుకోరనే నమ్మకంతో చెబుతున్నాను, ఆ రోజు భోజనాల దగ్గర మూసా స్థానంలో ఉన్నది మీరు. తన దేవుడితో ఆ అమ్మాయి ఐదు పూటలా మాట్లాడే మాటను మీరు పైపై సంగతి అన్నారు. అంతా ఒకటే అనే మాటలో ప్రేమ ఉంది, కాదనను. కానీ ఎదుటి మనిషికి అది "నీకు ప్రాణమైనది నాకు లెక్కలోది కాదు" అన్నట్టు వినిపిస్తుంది. తేడాలున్నాయి. ఆమెకు దేవుడికి రూపం కట్టడం కుదరదు, మీకు రూపం లేకుండా మనసు నిలవకపోవచ్చు. ఆమెకు ముహమ్మద్ చివరి ప్రవక్త, మీకు ఆ లెక్కే లేదు. వీటిని చెరిపేస్తే మాట్లాడుకోవడానికి ఇద్దరి దగ్గరా ఏమీ మిగలదు. మిమ్మల్ని జాతులుగా, తెగలుగా చేసింది ఒకరినొకరు తెలుసుకోవడానికి అంటుంది ఖురాన్ నలభై తొమ్మిదో సూరా. అందర్నీ ఒకేలా చేసి ఉంటే ఇక తెలుసుకోవడమన్న మాటే ఉండదు కదా.

1219లో, క్రైస్తవులకూ ముస్లింలకూ మతయుద్ధం జోరుగా సాగుతుండగా, అసీసీ ఫ్రాన్సిస్ అనే క్రైస్తవ సన్యాసి ఈజిప్టులో దమియెట్టా దగ్గర సుల్తాన్ కామిల్ శిబిరంలోకి నడిచి వెళ్ళాడు. ఇద్దరిలో ఎవరూ మతం మారలేదు. సుల్తాను ఆయన్ని క్షేమంగా వెనక్కి పంపాడు. రెండేళ్ల తర్వాత తన శిష్యుల కోసం రాసిన నియమావళిలో ఫ్రాన్సిస్ ఒక మాట పెట్టాడు: ముస్లింల మధ్య బతకడానికి వెళ్ళే సోదరులు వాదాలూ తగాదాలూ పెట్టుకోకూడదు అని. ఆ గుడారంలో ఏం మాట్లాడుకున్నారన్నదాని మీద తర్వాతివాళ్ళు ఎన్నో కథలు అల్లారు. నాకు మాత్రం ఈ ఒక్క నియమమే ఆ కలయికకు సాక్ష్యంగా చాలు అనిపిస్తుంది.

ఇక మీరు చెయ్యాల్సింది. ముందు క్షమాపణ చెప్పండి, చిన్నదిగా. "ఆ రోజు నువ్వన్నది ఆలోచించాను. నమాజుని పైపై సంగతి అనడం తప్పు. నాకు తెలీకుండా అన్నాను" అంటే చాలు. నా ఉద్దేశం అది కాదు, నువ్వు అపార్థం చేసుకున్నావు అని మాత్రం సాగదియ్యకండి. ఆ తర్వాత చెప్పడం తగ్గించి అడగడం మొదలుపెట్టండి. సజ్దాలో, అంటే నుదురు నేలకు ఆన్చి, ఉన్నప్పుడు నీకెలా ఉంటుంది, ఏ సూరా నీకు బాగా ఇష్టం, చిన్నప్పుడు ఎవరు నేర్పారు, ఇలాంటివి. ప్రపంచంలో ముస్లింలు చేసే ప్రతిదానికీ ఆమెని సంజాయిషీ అడగవద్దు, ఆమె మీ తోటి ఉద్యోగి, ఎవరి ప్రతినిధీ కాదు. ఆమెకు రూమీ మీద ఆసక్తి లేదంటే అదీ సరే. మీరు చదవడం మానక్కర్లేదు. కానీ ఫోన్లో వచ్చే ముక్కలు వదిలేసి, మూలం నుంచి నేరుగా చేసిన అనువాదం చదవండి. నికల్సన్ అనే ఇంగ్లీషు పండితుడు 1925 నుంచి 1940 దాకా కూర్చుని మస్నవీ మొత్తాన్ని అనువదించి వ్యాఖ్య రాశాడు. అది కొంచెం పొడిగానే ఉంటుంది. అయినా ఏ మాట వెనక ఏ ఖురాన్ వాక్యం ఉందో చూపిస్తాడు. రోజుకు పది ద్విపదలు చాలు. అర్థం కానివి ఆమెని అడగండి. ఆమెకూ తెలియకపోతే ఇద్దరూ కలిసి వెతకండి. మీ ఉపనిషత్తు వాక్యం కూడా ఆమెకు చెప్పండి. మీరు మీ ఇల్లు ఖాళీ చేసి ఆమె ఇంటికి వెళ్ళాల్సిన పని లేదు.

వీటన్నిటికంటే ముందు అడగాల్సింది ఒకటుంది. అమ్మ పోయిన రోజు గుమ్మంలో నిలబడి ఆ అమ్మాయి అరబీలో ఏదో అనుకుందన్నారు. మరణవార్త వినగానే ముస్లింల నోట వచ్చే వాక్యం ఒకటే: "ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజివూన్." ఖురాన్ రెండో సూరాలోది. మేము దేవుడివాళ్ళం, తిరిగి ఆయన దగ్గరికే వెళ్ళేవాళ్ళం అని అర్థం. రెల్లు పొద నుంచి విడిపోయిన పిల్లనగ్రోవి పాడేది ఇదే. తన అసలుకు దూరమైనవాడు వెతుక్కునేది ఇదే. మీరు రెండేళ్లుగా ఇంగ్లీషు పుస్తకాల్లో వెతుకుతున్న మాట, ఏ తర్జుమా లేకుండా, ఏ కోతా లేకుండా, మీ అమ్మ కోసం ఆ రోజే మీ గుమ్మంలో ఒకరు పలికారు. మీరు మీ దుఃఖంలో ఉండి అర్థం అడగలేదు. రేపు భోజనాల దగ్గర రూమీ పేరు ఎత్తకండి. "మా అమ్మ పోయిన రోజు నువ్వొక మాట అన్నావే, అదేమిటమ్మా?" అని అడిగి, ఆమె చెప్పేదాకా ఊరుకోండి.